జబ్బ మీద మచ్చ ఉంది, లెక్కలో మనం లేం

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

ఈసారి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అరవై దాటిన తాతో అవ్వో ఉంటే వాళ్ల చెయ్యి ఒకసారి చూడండి. జబ్బ మీదో ముంజేతి మీదో గుండ్రటి మచ్చ కనబడుతుంది. అది మశూచి టీకా మచ్చ. మనకి జబ్బ మీద ఉండే చిన్న మచ్చ పుట్టగానే వేసిన బీసీజీది, అది వేరు. తాతల మచ్చ పెద్దది, అప్పట్లో వాడిన పనిముట్టు చర్మాన్ని గీరేసేది కాబట్టి. 1970ల్లో మశూచిని పూర్తిగా తుడిచేద్దామని ఇంటింటికీ తిరిగినప్పుడు, టీకా ఎవరికి పడిందో తెలుసుకోడానికి ఈ మచ్చనే చూసేవారు. కాగితం అక్కర్లేదు, చెయ్యి చూపిస్తే చాలు. 1975 మే నెలలో మన దేశంలో ఆఖరి కేసు అస్సాంలో బయటపడింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ జబ్బు లోకంలోనే లేదని ప్రకటించింది.

పెద్దవాళ్ల చేతుల్ని కూడా గడపగడపకీ వెళ్లి చూసిన రోజులవి. ఆ తర్వాత మన పెద్దోళ్లలో ఎవరికి ఏ టీకా పడింది, ఎవరికి పడలేదు అన్నది తెగవారీగా ఎవరూ చూడలేదు. ఈ పోస్టు దాని గురించే.

ఎందుకు రాయాల్సి వచ్చిందంటే, ‘మనోళ్లకి సూదంటే భయం, మూఢనమ్మకాలు ఎక్కువ’ అనే మాట ఈమధ్య మన పిల్లల నోటే వింటున్నాం. ఏలూరు హాస్టళ్లలో, తాడేపల్లిగూడెంలో చదువుకుంటున్న మనవాళ్లు కూడా అదే అంటున్నారు. భయం లేదని మేం అనట్లేదు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడకుండా మాట్లాడటం మాత్రం తప్పు.

అమ్మవారు పోసిందని అనుకునేవాళ్లు మనవాళ్లు. మశూచి వస్తే ముత్యాలమ్మకి మొక్కేవారు. ఇంటికి వేపాకు కట్టేవారు, బయటివాళ్లని ఆ గడప తొక్కనిచ్చేవారు కాదు. దీన్ని గొప్ప వైద్యమని మేం చెప్పం, దానితో మశూచి తగ్గేది కాదు. కానీ జబ్బున్న ఇంటికి మనిషిని వెళ్లనీయకపోవడం తెలివితక్కువ పనేం కాదు కదా. 2020లో దేశమంతా చేసింది అదే. టీకా విషయానికొస్తే, 1884లో మద్రాసు ప్రభుత్వం టీకా చట్టం తెచ్చినప్పుడు దాని చూపు ముందు పట్టణాల మీదే. ఏలూరు 1866 నుంచే మునిసిపాలిటీ. పోలవరం వైపు మన్యమేమో 1874 షెడ్యూల్డు జిల్లాల చట్టం కింద వేరే పాలనలో ఉంది. అంటే, మనం వద్దనడానికి చాలా ముందే టీకా వచ్చే దారి మన ఊళ్ల పక్కనుంచి పోయింది.

పెద్దవాళ్లకి వేసే టీకాలు మొదట ఎవరి మీద పరీక్షించారో కూడా తెలుసుకోవాలి. హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త 1893లో కలకత్తా వచ్చి కలరా టీకా వేయడం మొదలుపెట్టాడు. ఆ పని తర్వాత అస్సాం తేయాకు తోటల కూలీల్లోకి వెళ్లింది. ఆ కూలీ లైన్లలో చాలామంది ఛోటానాగపూర్ నుంచి తోలుకుపోయిన ఆదివాసీలు. 1897లో ప్లేగు టీకా చేసినప్పుడు హాఫ్కిన్ ముందు తనకి తానే పొడుచుకున్నాడు, అది ఒప్పుకోవాలి. ఆ తర్వాత పరీక్షించింది మాత్రం బొంబాయి బైకుల్లా జైల్లో ఖైదీల మీద. వాళ్లు ఇష్టపడే ముందుకొచ్చారని రికార్డు. జైలు గోడల మధ్య, దొర తోట లోపల ఇష్టం అనే మాటకి ఎంత విలువుంటుందో మీరే ఆలోచించండి. ఆ టీకాలు పనిచేశాయి, ప్రాణాలు నిలిపాయి. ఆ సంగతీ నిజమే, ఈ సంగతీ నిజమే.

మశూచి చివరి రోజుల్లో జరిగింది ఇంకొకటి. ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న సింగ్‌భూమ్‌లో హో తెగవాళ్ల ఊళ్లో ఒక పెద్దాయన టీకా వద్దన్నాడు. జబ్బు ఇచ్చేదీ తీసేదీ దేవుడే అన్నది ఆయన నమ్మకం. టీకా బృందం అర్ధరాత్రి తలుపు పగలగొట్టి లోపలికెళ్లి, పెనుగులాడుతున్న ఆ ఇంటివాళ్లని పట్టుకుని టీకా పొడిచింది. ఇది మన కట్టుకథ కాదు, ఆ బృందంలో ఉన్న అమెరికా డాక్టరే తర్వాత పుస్తకంలో రాసుకున్నాడు. అంతా అయ్యాక ఆ పెద్దాయన, మీ పని మీరు చేశారు, ఇప్పుడు మా ఇంటికొచ్చిన చుట్టాలు అని, తన తోటలో కాసింది కోసి వాళ్లకి పెట్టాడట. మశూచి పోయినందుకు సంతోషమే. ఆ ఇంటివాళ్ల మనవళ్లు ఈనాడు సూది చూసి వెనక్కి తగ్గితే దాన్ని మూఢనమ్మకం అంటారా?

ఇక మన పక్కనే జరిగింది చెప్పుకుందాం. గ్రూపులో కొందరు అక్కలకి ఇది బాగా గుర్తుండాలి.

2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలైంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. నడిపింది పాథ్ అనే అమెరికా సంస్థ, తోడుగా ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి, సుమారు 14 వేలమందికి వేశారు. ఇవాళ మన ఏలూరు జిల్లాలో ఉన్న కుకునూరు, వేలేరుపాడు అప్పుడు ఖమ్మం జిల్లావే. అంటే ఇది పరాయి కథ కాదు. టీకా వేయించుకున్న పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్న మన పిల్లలే.

హాస్టల్ ఎందుకు? పిల్లలందరూ ఒక్కచోట దొరుకుతారు. తల్లిదండ్రులు దూరంగా ఉంటారు. సంతకం పెట్టడానికి వార్డెన్ ఉంటాడు. తర్వాత విచారణలో తేలింది ఏంటంటే, ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది. 1,948 మీద వేలిముద్రలు. అమ్మానాన్నలకి తెలియకుండా, ఇది ఏం మందో ఎందుకో చెప్పకుండా పిల్లలకి సూది వేశారన్నమాట.

మన రాష్ట్రంలో ఐదుగురు, గుజరాత్ కార్యక్రమంతో కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం కార్యక్రమం ఆపేసింది. ఆ చావులకి కారణాలు పాముకాటు, నీళ్లలో మునగడం, ఆత్మహత్య, మలేరియా లాంటివనీ, టీకాతో సంబంధం కనబడలేదనీ విచారణ కమిటీ చెప్పింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో పాథ్‌నీ, ఐసీఎంఆర్‌నీ గట్టిగానే తప్పుబట్టింది. అంగీకారం తీసుకున్న తీరు, పిల్లలకి ఏమవుతుందో వెంటనుండి చూసే ఏర్పాటు లేకపోవడం దాని అభ్యంతరాలు. కల్పనా మెహతా తదితరులు వేసిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018 మేలో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది, కానీ అది పార్లమెంటు కమిటీ నివేదికలని కోర్టుల్లో వాడుకోవచ్చా అన్న ప్రశ్న మీద. లా చదివే మన తమ్ముళ్లు ఈ కేసుని ఆ ప్రశ్న కోసమే చదువుతారు. దాని అడుగున భద్రాచలం హాస్టల్ పిల్లలున్నారని ఎంతమందికి తెలుసో మరి.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి, లేకపోతే ఈ పోస్టుని ఎవరైనా తప్పుగా వాడుకుంటారు. హెచ్‌పీవీ టీకా మంచిదే. ప్రపంచంలో కోట్లమంది ఆడపిల్లలకి పడింది, క్యాన్సర్ తగ్గిస్తోందని రుజువైంది. మన దేశంలో 2020 అంచనా ప్రకారం ఏడాదికి లక్షా 20 వేలమందికి పైగా ఆ క్యాన్సర్ వస్తోంది, 77 వేలమంది పోతున్నారు. 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి దీన్ని ప్రోత్సహిస్తామని కేంద్రం చెప్పింది. 2009లో టీకా వేయించుకున్న పిల్లలు ఇవాళ పాతికేళ్లు దాటిన తల్లులు. వాళ్ల కూతుళ్ల కోసం అదే టీకా తలుపు తడుతుంది. ఆ రోజు వాళ్లు ‘వద్దు’ అంటే, తప్పు టీకాది కాదు, 2009లో సంతకం పెట్టిన చేతులది.

ఇప్పుడు కోవిడ్ దగ్గరికొద్దాం. పెద్దవాళ్లందరికీ టీకా అని దేశం మొత్తం బయల్దేరింది అప్పుడే.

దానికి సుమారు నెలన్నర ముందు, 2020 డిసెంబర్ 5న ఏలూరులో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోవడం మొదలైంది. వారం తిరక్కుండా 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. సీసం, నికెల్ అన్నారు, పురుగుమందులన్నారు. కారణం జనానికి అర్థమయ్యేలా తేలకముందే జనవరి 16న కోవిడ్ టీకా మొదలైంది. మన్యం నుంచి ఏలూరు పెద్దాసుపత్రికి వచ్చిపోయే మనవాళ్లకి ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి కనబడ్డాయి. ఆ రోజుల్లో గూడెంలో కూర్చుని మాట్లాడినవాళ్లకి తెలుసు, అనుమానమంతా గాల్లోంచి రాలేదు.

మే 1 నుంచి 18 ఏళ్లు దాటినవాళ్లకి అన్నారు, కానీ ముందు కోవిన్‌లో ఫోన్ నంబరుతో పేరు నమోదు చేసుకోవాలన్నారు. ఆ సైటు మొదట్లో తెలుగులో లేదు. జూన్‌కి గానీ తెలుగు రాలేదు. కోయ భాష మాట్లాడేవాళ్లు 2011 జనాభా లెక్కల్లో 4 లక్షల పైన ఉన్నారు, వాళ్ల భాషలో ఎప్పుడూ రాలేదు. సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్లలో ఓటీపీ ఎలా వస్తుంది? సుప్రీంకోర్టు కూడా మే 31న ఇదే ప్రశ్న వేసింది. పోర్టల్ మీదే ఆధారపడితే పేదవాళ్లు, పల్లెటూళ్లవాళ్లు బయటే ఉండిపోతారని చెప్పింది. మన రాష్ట్రంలో సచివాలయాలు, వలంటీర్లు, ఏఎన్ఎంలు, ఆశా అక్కలు ఉండబట్టి చాలామంది ఫోన్ లేకుండానే సూది వేయించుకోగలిగారు. జూన్ 20న ఒక్కరోజులో రాష్ట్రంలో 13 లక్షలకు పైగా డోసులు పడ్డాయి. మంచి పని జరిగినప్పుడు మంచే అనాలి.

అదే నెలలో కేంద్రం ఒక ప్రకటన చేసింది. దేశంలో 176 గిరిజన జిల్లాలుంటే 128 జిల్లాలు దేశ సగటు కంటే ముందున్నాయట. వినడానికి బాగుంది. గిరిజనులు వెనకబడ్డారన్న మాట అబద్ధమని తేలినట్టే కదా అని మేం కూడా అనుకున్నాం. తర్వాత ఒక చిన్న లెక్క వేసి చూశాం.

2011 లెక్కల ప్రకారం పాత పశ్చిమగోదావరి జనాభా 39 లక్షల 37 వేలు. అందులో ఎస్టీలు సుమారు 1 లక్షా 9 వేలు, అంటే 2.8 శాతం. కుకునూరు, వేలేరుపాడు 2014లో కలిశాయి కాబట్టి ఈ లెక్కలో లేవు. ఇప్పుడు ఆలోచించండి. జిల్లాలో మనలో ఒక్కరు కూడా టీకా వేయించుకోలేదనుకుందాం, మిగతా అందరూ వేయించుకున్నారనుకుందాం. జిల్లా రేటు ఎంత వస్తుంది? 97 శాతం. కలెక్టరాఫీసులో మిఠాయిలు పంచుకోవచ్చు. బుట్టాయగూడెం, పోలవరం కొండల మీద ఒక్క చేతికి సూది పడకపోయినా ఆ అంకెలో కనబడదు.

అలా జరిగిందని మేం అనట్లేదు. జరిగినా తెలిసే దారి లేదంటున్నాం. కోవిన్ పేరు అడిగింది, పుట్టిన ఏడాది అడిగింది, ఆడా మగా అడిగింది, గుర్తింపు కార్డు అడిగింది. తెగ అడగలేదు. ఇక కోయల్లో ఎంతమంది, కొండరెడ్ల్లో ఎంతమంది, కొల్లేటి గట్టు మీది యానాదుల్లో ఎంతమంది అంటే ఎవరు చెప్పగలరు?

చిన్నపిల్లల విషయంలో ఇలా లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎస్టీ పిల్లల్ని వేరుగా చూపిస్తారు. 2015-16 సర్వేలో దేశంలో 62 శాతం పిల్లలకి అన్ని టీకాలు పడితే, ఎస్టీ పిల్లలకి పడింది సుమారు 56 శాతం. తేడా కనబడింది కాబట్టే దాని మీద మాట్లాడగలిగాం. పెద్దవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఆ గడే లేదు.

అమెరికా సంగతి చూడండి. అక్కడ పెద్దవాళ్ల టీకాలని జాతివారీగా లెక్కగడతారు. 2021-22లో ఫ్లూ టీకా వేయించుకున్న పెద్దవాళ్లు తెల్లవాళ్లలో 54 శాతం, నల్లవాళ్లలో 42, అమెరికా ఆదివాసీల్లో 41, హిస్పానిక్‌లలో 38. నల్లవాళ్లు ఎందుకు వెనకాడతారంటే టస్కిగీ పేరు చెబుతారు. అక్కడ 1932 నుంచి 1972 దాకా నల్లజాతి మగవాళ్లకి సిఫిలిస్ ఉందని తెలిసీ మందివ్వకుండా చూస్తూ కూర్చున్నారు. మన భద్రాచలం హాస్టళ్ల కథ చదివినవాళ్లకి ఆ వెనకడుగు వేరే చెప్పక్కర్లేదు. కానీ ఆ కథలోనే ఇంకో ముక్క ఉంది. కోవిడ్ టీకా వచ్చినప్పుడు, ఫ్లూ టీకాలో వెనకున్న ఆ ఆదివాసీలే మొదటి నెలల్లో అందరికంటే ముందున్నారు. ఎందుకంటే పంపిణీ చాలాచోట్ల తెగల చేతుల్లోనే ఉంది. చెరోకీ నేషన్ అయితే ముందు వరసలోనే చెరోకీ భాష మాట్లాడే పెద్దల్ని నిలబెట్టింది. వాళ్లు పోతే భాష పోతుందని. సూది అదే, మనుషులూ వాళ్లే. ఎవరు పిలిచారు, ఏ భాషలో పిలిచారు అన్నదే మారింది.

ఆ వార్త చదివినప్పుడు మాకు మా కోయ అవ్వలు గుర్తొచ్చారు. మన దగ్గర వరస 60 ఏళ్లు, 45 ఏళ్లు, 18 ఏళ్లు అని వయసు చూసి వచ్చింది. పాటలు, పేర్లు, మందాకులు ఎవరి నోట్లో ఉన్నాయన్నది ఏ వరసలోనూ లేదు.

కొండల సంగతి చెప్పుకుంటూ కొల్లేరు మర్చిపోతాం, ఎప్పుడూ ఇంతే. కొల్లేటి లంకల్లో ఎక్కువమంది వడ్డీలు, దళితులు. వాళ్లు ఎస్టీలు కాదు గానీ వానాకాలం దారి మునిగితే వాళ్లకీ మన కష్టమే. మనవాళ్లు అక్కడ యానాదులు. కైకలూరు, మండవల్లి వైపు కాలవ గట్ల మీద, చేపల చెరువుల దగ్గర కాపలా గుడిసెల్లో ఉంటారు. ఈ ఏడాది ఒక చెరువు, వచ్చే ఏడాది ఇంకో చెరువు. ఆశా అక్క పుస్తకంలో ఇంటి నంబరు ఉన్నవాళ్లే ఉంటారు, గట్టు మీది గుడిసెకి నంబరు ఎక్కడిది? చాలామందికి ఆధార్ లేదు. కార్డు లేనివాళ్లకీ కోవిడ్ టీకా వేయొచ్చని కేంద్రం 2021 మే నెలలోనే పద్ధతి రాసి పంపింది. ఆ కాగితం గట్టు దాకా రావాలంటే ఎవరో ఒకరు తేవాలి.

యానాదికి పెద్దయ్యాక టీకా అంటే అసలు రెండే. కాలికి ఇనుపముక్క గుచ్చుకుంటే ధనుర్వాతం సూది, కుక్క కరిస్తే రేబిస్ సూది. రేబిస్‌కి ప్రభుత్వాసుపత్రిలో చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో నాలుగుసార్లు వెళ్లాలి, మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. మొదటిసారి అందరూ వెళ్తారు, నొప్పి ఉంటుంది కాబట్టి. మూడో రోజుకి గాయం ఎండుతుంది. కాపలా వదిలి వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, చెరువు ఆసామి మాటలు పడాలి. ఇరవై ఎనిమిదో రోజుకి ఆ కుటుంబం ఆ గట్టు మీద ఉంటుందో లేదో కూడా తెలీదు. రేబిస్ వచ్చాక మందు లేదు, చావే. ఇందులో భయమూ లేదు, మూఢనమ్మకమూ లేదు.

పోలవరం ముంపు ఊళ్లదీ ఇలాంటి కథే. ఊరు ఖాళీ చేసి పునరావాస కాలనీకి మారితే రేషన్ కార్డు మారుతుంది, ఆరోగ్య కేంద్రం మారుతుంది. పాత ఏఎన్ఎం రిజిస్టరు పాత ఊరితోనే ఉండిపోతుంది. 2022 జూలై వరదల్లో వేలేరుపాడు, కుకునూరు మునిగినప్పుడు చాలా ఇళ్లలో కాగితాలే పోయాయి.

ఇంకా రెండు టీకాలున్నాయి. హెపటైటిస్-బి టీకా మన హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో తయారుచేసింది. అప్పటిదాకా వందల రూపాయలుండే దాన్ని 50 రూపాయలకి తెచ్చింది. పసిపిల్లలకి ప్రభుత్వమే వేస్తుంది కాబట్టి మనలో చిన్నవాళ్లకి పడే ఉంటుంది. మన అమ్మానాన్నలకి పడలేదు, ఎవరూ అడగలేదు. రెండోది పెద్దలకి బీసీజీ. క్షయ రాకుండా పనికొస్తుందేమో చూడ్డానికి 2024లో కొన్ని జిల్లాల్లో వేశారు. గిరిజన ఆరోగ్యం మీద అభయ్ బంగ్ కమిటీ 2018లో ఇచ్చిన నివేదికలో, మన తెగల్లో లక్షకి 703 మందికి క్షయ ఉంటే మిగతావాళ్లలో 256 అని ఉంది. దాదాపు మూడింతలు. ఆ టీకా మీద ఫలితాలు వచ్చినప్పుడు మనం మొదటి వరసలో ఉండాలి, కానీ వార్డెన్ సంతకంతో కాదు.

మరి ఏం చేద్దాం? ఈ మధ్య కొందరం కూర్చుని ఒక నోటుబుక్కు గీశాం. ఒక్కో గూడెంలో 18 దాటినవాళ్లు ఎంతమంది, ధనుర్వాతం సూది ఎప్పుడు, హెపటైటిస్ పడిందా, కుక్క కరిస్తే నాలుగుసార్లూ వెళ్లారా, వెళ్లకపోతే ఎందుకు, చెప్పినవాళ్లు ఏ భాషలో చెప్పారు. దీపావళి సెలవుల్లో ఎవరి ఊళ్లో వాళ్లు అడిగి రాయొచ్చు.

ఒక గడి దగ్గర మాత్రం ఆగిపోయాం. మనిషి పేరు రాయాలా వద్దా? పేరు లేకపోతే రెండో సూదికి ఎవర్ని పిలుస్తాం అని కోయ తమ్ముళ్లు అంటున్నారు. యెరుకల అన్న ఒకాయన ససేమిరా అన్నారు. నేరస్థ తెగల చట్టం కింద వాళ్ల తాతల పేర్లు, వేలిముద్రలు పోలీసు పుస్తకంలో ఉండేవి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్లాల్సి వచ్చేది. 1952లో ఆ చట్టం పోయింది గానీ, పుస్తకం పట్టుకుని ఎవరైనా వచ్చి పేరు అడిగితే వాళ్లమ్మ ఇప్పటికీ ముందు చెప్పేది ఇంటి పెద్ద ఊళ్లో లేడనేనట. లెక్కలో లేకపోతే ఒక నష్టం, లెక్కలోకెక్కితే ఇంకో నష్టం చూసినవాళ్లు వాళ్లు. ఆయన మాట తీసెయ్యలేకపోయాం. ఇంటికి ఒక నంబరు వేసి, ఆ నంబరు ఎవరిదో గూడెం పెద్ద దగ్గర మాత్రమే ఉంచుదామని ఒక చెల్లి అంది. ఇంకా తేలలేదు. వచ్చే ఆదివారం ఏలూరులో మళ్లీ కూర్చుంటున్నాం. యానాది, యెరుకల కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు తప్పకుండా రండి. మీరు లేకుండా ఆ గడి మేం గీయం.